లాన్‌లో వేరు పురుగు: ఘాటు మందు లేకుండా వదిలించే దారి ఉందా?

నమస్కారమండీ. మాది బెంగళూరు. ఇంటిముందు లాన్ మచ్చలు మచ్చలుగా ఎండిపోతోంది. పట్టి లాగితే గడ్డి చాపలా లేచి వస్తోంది, కింద వేళ్లే లేవు. తవ్వితే తెల్లటి పురుగులు. ఇటుక రంగు తల, మూడు జతల కాళ్లు, ముట్టుకుంటే ముడుచుకుంటున్నాయి. గడ్డి వేళ్లు తినే క్రేన్ ఫ్లై (పొడుగు కాళ్ల దోమలాంటి ఈగ) పిల్ల పురుగుకి కాళ్లుండవు కదా, కాబట్టి ఇది మన వేరుశనగ చేలల్లో పడే వేరు పురుగే అనుకుంటున్నాను. తొలకరి వానలకి సాయంత్రాలు వేపచెట్టు మీద, ఈ పురుగు పెద్దయితే అయ్యే పెంకు పురుగులు ముసిరాయి కూడా.

నర్సరీ అతను క్లోర్‌పైరిఫాస్ అనే ఘాటు పురుగుమందు పోయమంటున్నాడు. పిల్లలు ఆడేదీ, మైనాలు ఏరుకు తినేదీ ఆ గడ్డిలోనే. నాకు మనసొప్పడం లేదు. మెటారైజియం (పురుగుల్ని చంపే ఒక రకం బూజు) పొడిని పశువుల ఎరువులో కలిపి మగ్గబెట్టి చల్లినవాళ్లెవరైనా ఉన్నారా? ఎర్రమట్టిలో పనిచేసిందా? తడి ఎలా నిలబెట్టారు? పురుగు చిన్నగా ఉన్నప్పుడే వేయాలంటారు, మావి బాగా లావెక్కాయి. ఇప్పుడు వేసినా ఫలితం ఉంటుందా? చూసినవాళ్లు దయచేసి చెప్పండి.