అమ్మమ్మ పట్టుచీర కోసి లెహంగా కుట్టించడం తప్పా?

కృష్ణాతీరం:
మా ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. అమ్మమ్మ పెళ్ళిచీర నా దగ్గరుంది. 1958 నాటి ధర్మవరం పట్టు. వంగపండు రంగు, అరిటాకు పచ్చ అంచు, కొంగు నిండా జరీ. ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్ళి. ఆ చీర కోసి మా అమ్మాయికి లెహంగా కుట్టిద్దామనుకున్నాను. బొటీక్ ఆవిడకు చూపిస్తే, "అంచు గట్టిగా ఉంది, ఒళ్ళు మాత్రం మడతల దగ్గర చిట్లుతోంది, ఇంకో రెండేళ్ళు ఆగితే దేనికీ పనికిరాదు" అంది. ఆ మాట చెప్పగానే అమ్మ చీర తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేసేసింది. వదినేమో "పాత జరీ కొంటామని వీధిలోకి వస్తారుగా, వెండి ధర బాగుంది, ఇచ్చేయండి" అంటోంది. నాకు అమ్మ బాధా అర్థమవుతోంది, చీర పెట్టెలోనే చివికిపోతుందేమోనన్న టెన్షనూ ఉంది. మీరైతే ఏం చేస్తారు?

సూదీదారం:
కోయించండి. విజయవాడలో పద్దెనిమిదేళ్ళుగా కుడుతున్నాను, ఇలాంటి చీరలు నెలకు నాలుగైదు వస్తాయి. పెట్టెలో పెట్టిన పట్టు బతకదు. జరీ బరువుకి మడత పడిన చోటే చిట్లుతుంది. ఒకసారి అలా మొదలయ్యాక కడితే కుచ్చిళ్ళ దగ్గర పర్రున చిరుగుతుంది. అప్పుడు ఏడ్చి లాభం లేదు. అంచు, కొంగు విప్పదీసి, వెనకాల నెట్ వేసి, కొత్త పట్టు మీద నిలబెడితే ఇంకో తరం కట్టుకుంటుంది.

అయినా కోయడం మనకు కొత్తా? అమ్మమ్మ చీర చిరిగితే పిల్లకు పరికిణీ అయ్యేది. పరికిణీ పొట్టిదైతే జాకెట్టు అయ్యేది. నూలు చీరలు ఉయ్యాలలయ్యేవి, బొంతలయ్యేవి. మన ఆడవాళ్ళు ఏ గుడ్డనూ పూజగదిలో పెట్టి చూస్తూ కూర్చోలేదు.

పాత పెట్టె:
కోయొద్దండీ. నా మాట కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పాత చీరలు వెతికి దాచుకోవడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ ఉంది, పేరులోనే గురువారం ఉంది. ఆదివారమైతే ఎర్రగడ్డ. పొద్దున్నే వెళ్ళాలి. నేలమీద పట్టా పరిచి గుట్టలుగా పోస్తారు: ప్యాంట్లు, స్వెట్టర్లు, కర్టెన్లు, నైటీలు. ఆ గుట్టలో కళ్ళతో వెతికితే ఏమీ దొరకదు, పాలిస్టరు రంగులు కళ్ళకు అడ్డం పడతాయి. చెయ్యి లోపలిదాకా పోనిచ్చి వేళ్ళతో వెతకాలి. సింథటిక్ గుడ్డ జారిపోతుంది. పట్టు మొదట చల్లగా తగులుతుంది, గుప్పిట్లో నలిపితే చిన్న చప్పుడు చేస్తుంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చీరైతే పసిపిల్ల చెవితమ్మెలా ఉంటుంది. ఆ స్పర్శ తగిలిన క్షణం గుండె ఆగినట్టవుతుంది. చాలా వారాలు ఏమీ తగలదు. ఉత్తి చేతులతో ఇంటికొచ్చినా, మళ్ళీ వారం వెళ్ళాలనే ఉంటుంది.

ఒకరోజు అలా తగిలింది ఒక గద్వాల చీర. ఉల్లిపొట్టు రంగు నూలు ఒళ్ళు, ఎర్రటి పట్టంచు. 250 అన్నాడు, బేరమాడబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచి ఆ సాయంత్రమంతా చూస్తూనే ఉన్నాను. జాకెట్టు ముక్క లేదు. పాత చీరల్లో చాలావాటికి ఉండదు. ఒక మూల నల్లటి మూడు చుక్కలు, పక్కన చిన్న గీత. అది చాకలి గుర్తు. నల్లజీడి రసంతో పెట్టేవారు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. కొంగు చివర ఒకచోట నూలు సాగిపోయి ఉంది. ఆవిడ అక్కడే ముడేసుకునేదన్నమాట, చిల్లరో తాళంచెవో. కింది అంచు మడమ తగిలే జాగాలో మాత్రమే అరిగింది, ఫాల్ కుట్టని రోజుల చీర. ఆవిడ పేరు తెలియదు, ఊరు తెలియదు. కానీ ఎలా నడిచిందో, డబ్బు ఎక్కడ దాచుకుందో తెలిసిపోయింది. పుస్తకంలో ఇలాంటిది ఎవరు రాస్తారు?

నేను భయపడేది ఇందుకే. దర్జీ కత్తెర మొదట కోసి పారేసేది సరిగ్గా వీటినే: చుక్కలున్న మూల, అరిగిన అంచు, సాగిన కొంగు. "డ్యామేజీ" అని పక్కన పెడతారు. మిగిలేది అందమైన గుడ్డ. చీర పోతుంది.

సూదీదారం గారూ, మనవాళ్ళు కోసేవారన్నది నిజం. అయితే కట్టి కట్టి పనికిరాకుండా పోయాక కోసేవారు. పెళ్ళిచీర బాగున్నంత కాలం దాని జోలికి వెళ్ళేవారు కాదు.

నిజం_చెప్తా:
నాది వేరే అభ్యంతరం. సొంత అమ్మమ్మది సరే. ముక్కూముఖం తెలియనివాళ్ళు కట్టి విడిచిన చీర, బహుశా చనిపోయినావిడదే, సంతలో కొని ఇంట్లో దాచుకోవడం ఏమిటి? మా నాయనమ్మ పోయినప్పుడు ఆవిడ బట్టలన్నీ పదో రోజులోపే ఇచ్చేశారు. దానికో కారణం ఉంటుంది.

ఇంకోటి. పాతవి సేకరించేవాళ్ళ వల్ల నేతగాడికి ఒక్క రూపాయైనా వస్తుందా? ఆ ఉత్సాహమేదో ఏడాదికి ఒక కొత్త చేనేత చీర కొనడంలో చూపిస్తే ఒక మగ్గం ఆడుతుంది. కృష్ణాతీరం గారూ, మీ వదిన చెప్పినట్టు జరీకి ఇచ్చేసి, ఆ డబ్బుతో ధర్మవరం వెళ్ళి అదే రంగులో కొత్తది నేయించుకోండి.

గద్వాల_కోడలు:
మాది నేత ఇల్లు. మా మామగారు నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నారు, ఇప్పుడు మా ఆయన. నేతగాడికి రూపాయి రాదన్న మాటకు జవాబు నేను చెప్పాలి.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేక (అడ్డపోగు), పట్టు పేక కలిసే చోట ఒకదాన్నొకటి పెనవేస్తూ నేస్తాం. దాన్ని కుట్టు అంటాం, సూదితో కుట్టేది కాదు. నూలు, పట్టు ఒకే తీరున సాగవు కాబట్టి ఆ కలయిక దగ్గర చెయ్యి తప్పితే అంచు ముడతలు పోతుంది. ఒకసారి హైదరాబాదు నుంచి ఒకామె ముప్పై నలభై ఏళ్ళ పాత చీర తెచ్చారు. మామగారు దాన్ని తిరగేసి, భూతద్దం పెట్టి, అంచులో పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. కోటకొమ్ముల (వరసగా మొనలు తేలే) అంచులో కొమ్ము కొమ్ముకు మధ్య రెండు పోగులు వదిలి నేశారట, అందుకే అది అంత పదునుగా కనబడుతోందట. ఆ లెక్క గ్రాఫ్ కాయితం మీద ఎక్కించుకున్నారు. తర్వాత ఆ అంచుతో మేం నేసిన చీరలు మూడు పండగల సీజన్లు అమ్ముడుపోయాయి. పాత చీర ముక్కలై ఉంటే ఏం లెక్కపెట్టేవారు? అంచు ఒక్కటే ఉంటే చాలదు. ఒంటితో అది ఎలా కలిసింది, కొంగు దగ్గర పడుగు (నిలువుపోగు) ఎలా మార్చారు, ఇవన్నీ నిండు చీరలోనే తెలుస్తాయి.

పుట్టపాక తేలియా రుమాళ్ళ సంగతీ చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఉండదు, నూలును నూనెలో నానబెట్టి అద్దకం వేస్తారు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అలాంటి పనికి పాత నిండు గుడ్డే పాఠ్యపుస్తకం.

మా కడుపు కొట్టేది పాతవి దాచుకునేవాళ్ళు కాదండీ, మరమగ్గాలు. 1985 చట్టం కింద పదకొండు రకాల వస్త్రాలు చేనేతకే అని రాసి ఉంది, అందులో చీర కూడా ఉంది. అయినా మా అంచు ప్రింటై పదిహేను రోజుల్లో బజారులోకి వస్తుంది.

జరీకి ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. అంచు కత్తిరించి కాలుస్తారు. పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. నిజమైన జరీలో బంగారం పైపూతే, లోపల ఎక్కువ భాగం వెండి, ఆ లోపల ఎర్ర పట్టుదారం. కొనేవాళ్ళు కట్టేది వెండి తూకానికి. నేసిన చేతికి అందులో లెక్క లేదు.

డాలస్_నుంచి:
నేను చేసిన పని చెప్తాను, మీరే ఆలోచించుకోండి. అమ్మ పోయాక రెండు పట్టుచీరలు తెచ్చుకున్నాను. నెమలికంఠం రంగుది పాప మొదటి పుట్టినరోజుకి గౌను కుట్టించాను. ఫొటోల్లో ఎంత బాగుందో. ఒక్క పూట వేసుకుంది. ఏడాదికల్లా భుజాలు పట్టలేదు. ఇప్పుడు ఆ గౌను, ఒక సంచీడు ముక్కలు ఉన్నాయి. పాపకు ఇప్పుడు పద్నాలుగేళ్ళు. నిరుడు బతుకమ్మకి రెండో చీర తనే అడిగి కట్టుకుంది. "ఇంకోటి ఏది?" అంది. ఏం చెప్పాలో తోచక గౌను తీసి చూపించాను. తను ఏమీ అనలేదు, చేత్తో తడిమి మళ్ళీ మడిచి ఇచ్చింది.

సూదీదారం:
డాలస్ అక్కా, మీ మాట చదివి కాసేపు మిషను ఆపేశాను. చంటిపిల్లల గౌన్లకు పట్టుచీర కోయమని ఎవరు తెచ్చినా ఇకమీదట నేనే వద్దంటాను. కానీ ఒళ్ళంతా చిట్లిన చీరకు ఇంకో దారి లేదన్న నా మాట మీద నేను ఉన్నాను. నా చేతుల్లోనే పొడి పొడిగా రాలిపోయినవి ఉన్నాయి. కృష్ణాతీరం గారి చీర ఆ దశలో ఉందో లేదో ముందు తేల్చుకోవాలి.

పాత పెట్టె:
అది ఒప్పుకుంటాను. ఒళ్ళంతా చివికితే అంచు, కొంగు మొత్తంగా విప్పదీసి నిలబెట్టడమే మంచిది, అదీ గుర్తులున్న మూలలు పారేయకుండా.

తేల్చుకోవడం ఎలాగంటే: చీర లాగి చూడొద్దు. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా, ఇద్దరు చెరో చివర పట్టుకుని, ఒక్కో మడత దగ్గర చూడండి. సన్నటి గీతల్లా వెలుగు కనబడేది మడతల దగ్గరే అయితే తప్పు మడతది, పట్టుది కాదు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచారన్నమాట. మడతల మధ్య జాగాలో కూడా గీతలుంటే సూదీదారం గారు చెప్పిందే నిజం.

నాఫ్తలీన్ ఉండలు జరీకి తగిలేలా పెట్టొద్దు. నేను మొదట్లో పెట్టి ఒక కొంగు నల్లబరచుకున్నాను. ఆ నలుపు పోగొట్టమని ఒక లాండ్రీలో ఇస్తే రంగు కూడా దిగిపోయి వచ్చింది. తప్పు మొదట నాదే. వట్టివేళ్ళు చిన్న గుడ్డలో మూటగట్టి పక్కన పెడితే చాలు.

నిజం_చెప్తా గారూ, చనిపోయినవాళ్ళ చీర అన్న మీ మాటను తేలిగ్గా తీసుకోను. మా అత్తగారూ ఇదే అన్నారు. అందుకే సంతలో దొరికినవి నేను కట్టుకోను. కుంకుడు రసంలో ఉతికి, నీడన ఆరేసి, తెల్ల గుడ్డలో చుట్టి ఉంచుతాను. ఆవిడ ఎవరో కానీ, ఆవిడ చీరను నేల మీద గుట్టలోంచి తీశానన్న తృప్తి నాకుంది.

నిజం_చెప్తా:
కట్టుకోనన్నారు కాబట్టి ఆ విషయం వదిలేస్తున్నాను. పాత చీర నేతకు అలా పనికొస్తుందని గద్వాల కోడలు గారు చెప్పేదాకా నాకు తెలియదు. కొత్తది కొనాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గద్వాల_కోడలు:
వెనక్కి తీసుకోవద్దు, గట్టిగా చెప్పండి.

కృష్ణాతీరం:
నిన్న మధ్యాహ్నం అమ్మను బతిమాలి బీరువా తీయించాను. వరండాలో చెరో చివర పట్టుకుని చూశాం. ఆరు మడతల్లో రెండింటి దగ్గరే వెలుగు కనిపించింది. మిగతా ఒళ్ళంతా గట్టిగానే ఉంది.

పాత పెట్టె గారు చెప్పిన చాకలి గుర్తు కోసం నాలుగు మూలలూ వెతికాను. పట్టుచీర కదా, లేదు. కొంగు మూల మాత్రం పసుపు మరక ఉంది, పెసరబద్దంత. అమ్మ అది చూడగానే, "కొంగుముడి వేసిన చోటు, పసుపుకొమ్ము కట్టారు" అంది. అమ్మమ్మ ఆ మరక చూపించి పెళ్ళి కబుర్లు చెప్పేదట. ఈ మాట నాతో ఇన్నేళ్ళలో అమ్మ ఎప్పుడూ అనలేదు. బొటీక్ ఆవిడ మొన్న సరిగ్గా అక్కడే సుద్దతో గీత పెట్టింది, ఇక్కడిదాకా తీసేద్దామని.

కోయించడం లేదు. అమ్మాయికి మంగళగిరిలో కొత్తది తీసుకుంటాం. చీరను మడతపెట్టకుండా కర్రకు చుట్టి ఉంచాలని అమ్మ అంటోంది. ఎంత పొడవు కర్ర కావాలి? ఏ వైపు బయటికి ఉండాలి?

పాత పెట్టె:
చీర పన్నా కొలిచి, రెండు పక్కలా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా తీసుకోండి. సన్నకర్ర వద్దు, బట్టల దుకాణంలో గుడ్డ తాను చుట్టే లావుపాటి గొట్టం అడగండి. అట్టది నేరుగా పట్టుకు తగలకూడదు. ఉతికిన తెల్ల మల్లుగుడ్డ రెండు చుట్లు వేసి, దాని మీద చీర చుట్టండి. జరీ మెరిసే వైపు బయటికి. గట్టిగా బిగించొద్దు. ఆ పసుపు మరకను మాత్రం ఎవరెన్ని చెప్పినా కడగొద్దు.