అమ్మ గొంతున్న క్యాసెట్‌కి బూజు పట్టింది, ఏం చేయాలి?

వచ్చే నెల మా అమ్మ సంవత్సరీకం. పిల్లలకి వాళ్ల నానమ్మ గొంతు వినిపిద్దామని బీరువా వెతికితే 1994 నాటి సి-60 క్యాసెట్ దొరికింది. అట్లతద్దికి అట్లు పోస్తూ అమ్మ పాడిన పాటలవి. మధ్యలో పెనం మీద పిండి చుయ్యిమన్న చప్పుడు, "ఆపరా, సిగ్గేస్తోంది" అని నవ్వడం నాకింకా గుర్తే.

టేపు మీద తెల్లగా బూజు ఉంది. పక్కింటివాళ్ల టేప్‌రికార్డర్‌లో పెడితే రెండు నిమిషాలకే చుట్టుకుపోయింది. పెన్సిల్‌తో తిప్పి ఎలాగో బయటికి లాగాను కానీ రెండంగుళాల మేర నలిగింది.

బూజు ఇంట్లో తుడవొచ్చా? నలిగిన ముక్క కత్తిరించక తప్పదా? టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే ఒక సెకను గొంతు పోయినట్టే. నాకు అదీ ఎక్కువే. విజయవాడ వైపు డిజిటల్‌లోకి మార్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. పోస్టులో పంపాలంటే మాత్రం టెన్షన్.