వెంటాడేది చూపించిన దెయ్యమా, చూపించని దెయ్యమా?

తూర్పుకనుమ:
రామ్ గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' సినిమాను ఇన్నేళ్లకు గత వారం మళ్లీ చూశాను. మొదటిసారి చూసినప్పుడు నాకు పదేళ్లు. రేవతి బస్సు దిగి నరసంచారం లేని ఊళ్లో నడవడం, వెనక ఏదో వస్తోందని గ్రహించి పరుగెత్తడం, ఆ వచ్చేది ఏమిటో మనకు చూపకుండా కెమెరాయే దాని కళ్లుగా మారి ఆమె వెంటపడడం గుర్తున్నాయి కదా. ఆ ఆరంభ దృశ్యం చూశాక దాదాపు నెల రోజులు నేను చీకటి పడితే ఒంటరిగా పెరట్లోకి వెళ్లలేకపోయాను. 2009లో 'అరుంధతి' చూశాను. కోడి రామకృష్ణ గారు అందులో ఏదీ దాచలేదు. పశుపతిని సజీవ సమాధి చేయడం మొదలుకొని అన్నీ మన కళ్లెదుటే జరుగుతాయి. హాల్లో ఉన్నంతసేపు గుండె దడదడలాడిన మాట నిజమే కానీ, ఇంటికి వచ్చి అన్నం తిని ప్రశాంతంగా నిద్రపోయాను. చూపించిన దెయ్యం హాల్లోనే ఉండిపోతుందని, చూపించనిది మనతో ఇంటికి వస్తుందని నా అభిప్రాయం. కాదనేవారు ఉదాహరణతో చెప్పండి.

కొలిమి:
ఈ పోలిక సరికాదు. మొదటి సినిమా నాటికి మీకు పదేళ్లు, రెండోదాని నాటికి ఇరవై ఏడేళ్లు. తేడా సినిమాలలో ఉందో మీలో ఉందో ఎలా తేలుతుంది?

పాతరీలు:
తూర్పుకనుమ గారూ, భయం ఎక్కడ ఉందో ఆ చోటునే మీరు వదిలేశారు. నేను 1989 నుంచి 2000 దాకా కృష్ణా జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో సినిమా హాలు ఆపరేటరుగా పనిచేశాను. 'రాత్రి' మా హాల్లో రెండు వారాలు ఆడింది, రోజుకు నాలుగు ఆటలు. ప్రొజెక్టరులో కార్బన్ కడ్డీలు సరిచేసుకుంటూ, గోడకున్న చిన్న అద్దపు కిటికీలోంచి నేను తెరకంటే జనాన్నే ఎక్కువగా చూసేవాణ్ణి. తెర మీద వెలుగు పెరిగినప్పుడల్లా నేల టికెట్టు వారి తలలన్నీ స్పష్టంగా కనిపించేవి. మొదటిసారి వచ్చిన పిల్లలు భయం వేయగానే కళ్లు మూసుకొనేవారు. ఆ పిల్లలే రెండోసారి వచ్చినప్పుడు కళ్లు తెరిచే ఉంచి, రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకొని చూసేవారు. భయం ఏ దారిన వస్తోందో వారికి ఒక్క ఆటతోనే తెలిసిపోయింది. ఆ సినిమాకు నేపథ్య సంగీతం ఇచ్చింది మణిశర్మ గారు. అప్పటికి ఆయన పేరు ప్రేక్షకులకు తెలియదు.
హిచ్‌కాక్ 1960లో 'సైకో' తీసినప్పుడు స్నానాల గదిలో హత్య జరిగే దృశ్యానికి సంగీతమే వద్దనుకున్నాడు. బెర్నార్డ్ హెర్మన్ ఒక్క తీగ వాద్యాలతోనే కూర్చిన సంగీతం విన్నాక తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. ఆ సినిమా పేరు చెప్పగానే నేటికీ జనానికి గుర్తొచ్చేది ఆ కీచుమనే తీగల మోతే.

మందారమాల:
1995లో 'అమ్మోరు' చూసి వచ్చిన రాత్రి మా అక్క దీపం ఆర్పనివ్వలేదు. చివర్లో రమ్యకృష్ణ గారి ఉగ్రరూపానికి మా ఇంట్లో అందరూ చేతులెత్తి దండం పెట్టారు. దాన్ని భయం అనాలో భక్తి అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తూర్పుకనుమ:
శబ్దం ముఖ్యం కాదని నేను అనలేదు. అయితే అది తోడు మాత్రమే, మూలం కాదు. స్పీల్‌బర్గ్ 1975లో తీసిన 'జాస్' సంగతి చూడండి. యంత్రంతో చేసిన సొరచేప సముద్రపు నీటిలో మాటిమాటికీ మొరాయించడంతో, దానిని చూపకుండానే కథ నడపవలసి వచ్చింది. రాత్రివేళ ఈదడానికి దిగిన అమ్మాయిని అది లాక్కుపోయే మొదటి దృశ్యంలో మనకు కనిపించేవి ఆమె ముఖమూ నీళ్లూ మాత్రమే. ఆ యంత్రం మొదటి రోజు నుంచీ సవ్యంగా పనిచేసి ఉంటే మనం ఈనాడు ఆ సినిమాను ఇంతగా తలచుకొనేవాళ్లమా?

పాతరీలు:
మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. కనిపించని సొరచేప అక్కడ ఉందని మీకు చెప్పింది ఎవరు? జాన్ విలియమ్స్ కూర్చిన ఆ రెండు స్వరాలే కదా! అదే సినిమాలో ఇద్దరు కుర్రాళ్లు బూటకపు మొప్ప తగిలించుకొని జనాన్ని హడలగొట్టే సన్నివేశం ఉంది. అక్కడ ఆ సంగీతం మోగదు. సంగీతం లేదు కాబట్టి సొరచేప కూడా లేదని, మనకు తెలియకుండానే మన చెవి గ్రహిస్తుంది.

తూర్పుకనుమ:
మరి పోలీసు అధికారి పడవ మీంచి నీళ్లలోకి ఎర విసురుతుండగా సొరచేప తల హఠాత్తుగా పైకి లేచే చోట ముందు ఏ సంగీతం మోగింది? ఏదీ మోగలేదు. అందరూ ఉలిక్కిపడేది అక్కడే.

కొలిమి:
అక్కడ సొరచేపను చూపించారు కదండీ. దానితో మీ మొదటి వాదనే వీగిపోయింది.

తూర్పుకనుమ:
ఉలిక్కిపడడం వేరు, వెంటాడడం వేరు. నేను అడిగింది రెండోదాని గురించి.

పాతరీలు:
సిద్ధాంతాలు పక్కన పెట్టి, నాకు జరిగిందే చెబుతాను. ఒక ఏడాది మా హాల్లో తెర వెనక ఉన్న స్పీకర్లలో ఒకటి పూర్తిగా పాడైపోయి, మరొకటి బొంగురుగా పలికేది. బాగు చేయించమని యజమానిని మూడు నెలలు బతిమాలాను. ఆ రోజుల్లో ఒక దెయ్యం సినిమా వచ్చింది. పక్క ఊళ్లో ఆడవాళ్లు కేకలు పెట్టిన చోట మా హాల్లో జనం వేరుశనక్కాయలు తింటూ కూర్చున్నారు. కలెక్షన్ పడిపోయింది. సినిమా ప్రింటును నేను సరిగా నడపలేదని యజమాని నలుగురి ముందూ నన్ను నిందించి, ఆ నెల జీతంలో కోత పెట్టాడు. అవే దృశ్యాలు, అదే చీకటి, అదే చూపించని దెయ్యం. లేనిది శబ్దం ఒక్కటే. ఇంతకు మించిన నిరూపణ నా దగ్గర లేదు.

తూర్పుకనుమ:
మీకు జరిగిన అన్యాయానికి బాధపడుతున్నాను. కానీ పాడైన స్పీకర్ల కథతో ఒక కళను తేల్చివేయకండి. మీరు మొదటి నుంచీ యంత్రం గురించే మాట్లాడుతున్నారు, మనిషి గురించి మాట్లాడడం లేదు.

పాతరీలు:
పదకొండేళ్లు ప్రతి ఆటకూ మనుషులనే చూసినవాణ్ణి. ఇంట్లో కూర్చొని ఒంటరిగా సినిమా చూసి తీర్పు చెప్పే మీరు నాకు మనిషి గురించి నేర్పనవసరం లేదు. ఏమీ దాచని సినిమా ఏళ్ల తరబడి నిలవదన్నారు కదా, 1973 నాటి 'ఎగ్జార్సిస్ట్' మాటేమిటి? పిల్ల తల వెనక్కి తిరగడం దాకా అన్నీ చూపించారు. అయినా యాభై ఏళ్లుగా అది జనాన్ని వదలలేదు. దానికి వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి శబ్దానికే. ఆ చిన్నపిల్ల నోట వినిపించేది మెర్సిడెస్ మెకాంబ్రిడ్జ్ అనే పెద్ద వయసు నటి గొంతు. 'అరుంధతి'లో సోనూ సూద్‌కు రవిశంకర్ గారు ఇచ్చిన గొంతు కూడా అటువంటిదే. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయినప్పుడు పుట్టే భయం నేరుగా ఎముకల్లోకి దిగుతుంది.

సంధ్యాదీపం:
ఈ చివరి వాక్యం చదివిన తరువాత రాయకుండా ఉండలేకపోతున్నాను.
మాది వరంగల్ జిల్లాలో ఒక పల్లె. 1993లో మా పిన్నికి తొలి కాన్పు అయింది. పదో రోజు నుంచి ఆమె నిద్ర మానేసింది. బిడ్డను ఎవరో మార్చేశారనేది. ఆమె మాటతీరు మారింది, గొంతు కూడా మారింది. అంతకుముందు ఏడాదే మా ఊరివాళ్లు పట్నం వెళ్లి 'రాత్రి' చూసి వచ్చారు. చూడడానికి వచ్చిన ప్రతి ఇల్లాలూ గుమ్మంలోనే ఆగిపోయి 'సినిమాలో రేవతి చూసినట్టే చూస్తోంది' అనేది. మూడో రోజుకు ఆ మాట ఊరంతా పాకింది. మా తాతయ్య ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. ఎండు మిరపకాయల పొగ, వేపమండలు, తలవెంట్రుకలు పట్టి ఊపడం, ఇలా తొమ్మిది రోజులు జరిగాయి. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. వాకిట్లో నులకమంచం చాటున కూర్చొని అంతా చూశాను. చివరికి మా నాన్నగారు తాతయ్యతో గొడవపడి పిన్నిని హైదరాబాదులోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. కాన్పు తరువాత కొందరు తల్లులకు ఇటువంటి తీవ్రమైన మానసిక రుగ్మత వస్తుందని, త్వరగా వైద్యం చేస్తే నయమవుతుందని అక్కడి డాక్టరు గారు చెప్పారు. కొన్ని నెలల మందులతో ఆమె కోలుకుంది.
చూపించిన దెయ్యమా, చూపించని దెయ్యమా అని మీరిద్దరూ పంతాలకు పోతున్నారు. 'రాత్రి', 2003 నాటి 'భూత్', 'ఎగ్జార్సిస్ట్', వీటన్నిటిలోనూ ఆ దెయ్యానికి దొరికిన ఇల్లు ఒక ఆడపిల్ల శరీరమేనని మీలో ఒక్కరికీ ఎందుకు తోచలేదు?

పాతరీలు:
అమ్మా, మీ పిన్ని గారికి జరిగింది ఘోరం. కానీ మంత్రగాళ్లు సినిమా పుట్టకముందు నుంచీ ఉన్నారు. ఊళ్లో ఏ అనర్థం జరిగినా సినిమాను బోనులో నిలబెట్టడం నాకు కష్టంగా ఉంది. సినిమా వల్లనే అన్నం తిన్నవాణ్ణి నేను.

సంధ్యాదీపం:
మంత్రగాణ్ణి సినిమా పుట్టించిందని నేను అనలేదు. అంతవరకు మా ఊళ్లో 'గాలి సోకడం' అంటే ఒక మాట మాత్రమే. దానికి ఒక చూపునూ ఒక నడకనూ ఒక గొంతునూ ఇచ్చింది సినిమా. కాబట్టే అవి మా పిన్నిలో కనిపించిన క్షణాన ఎవరికీ సందేహం కలగలేదు. భయం మనసులో నిలిచిపోవడాన్ని మీరు సినిమా గొప్పతనంగా లెక్కిస్తున్నారు. అది నిలిచిపోవడం వల్ల మా ఇంట్లో ఒక మనిషి తొమ్మిది రోజులు దెబ్బలు తిన్నది.

కొలిమి:
మలయాళంలో 1993లో వచ్చిన 'మణిచిత్రతాళు', దాని ఆధారంగా 2005లో వచ్చిన 'చంద్రముఖి' అది మానసిక వ్యాధి అనే చెప్పాయి కదా. రెండింటిలోనూ నయం చేసింది మానసిక వైద్యుడే.

సంధ్యాదీపం:
చెప్పాయి. డాక్టరు వివరించిన వ్యాధి పేరు ఎంతమందికి గుర్తుంది? జ్యోతిక గారి కళ్లూ ఆ నాట్యమూ అందరికీ గుర్తున్నాయి. మా వీధిలో ఇప్పటికీ కోపం వచ్చిన కోడలిని చంద్రముఖి అంటారు.

తూర్పుకనుమ:
'అరుంధతి'లో దెయ్యం మగవాడు, అతణ్ణి అంతం చేసేది స్త్రీ. మీ జాబితాలో అది ఇమడదు. మొదట ఈ మాట రాసి ఊరుకోవాలనుకున్నాను. ఊరుకోలేకపోతున్నాను.
నెల రోజులు పెరట్లోకి వెళ్లలేదని పైన రాశాను కదా. మా పెరట్లో ఒక బావి ఉండేది. నాకు ఏడేళ్లున్నప్పుడు పక్కింటి కోడలు ఆ బావిలో పడి చనిపోయింది. పెద్దవాళ్లు ఏమీ చెప్పలేదు. పిల్లలు అటు వెళ్లకూడదని మాత్రం అన్నారు. మూడేళ్లు నేను ఆమెను తలచుకోనేలేదు. ఆ రోజు హాల్లో, మనిషి లేని వీధిలో రేవతి వెనక వస్తున్నది ఆమేనని అనుకున్నాను. సినిమాలో బావి ప్రసక్తే లేదు. వర్మ గారు వదిలిన ఖాళీని నేను ఆమెతో నింపుకొన్నాను. ఇన్నేళ్లూ దానిని దర్శకుడి పనితనమని చెప్పుకొంటూ వచ్చాను. ఆవిడను అత్త అని పిలిచేవాణ్ణి. అసలు పేరేమిటో రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి అడిగాను. ఎందుకు అడుగుతున్నావని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

మందారమాల:
పేరు చెప్పారా?

తూర్పుకనుమ:
చెప్పింది. ఇక్కడ రాయను.

పాతరీలు:
సంధ్యాదీపం గారూ, మీరు బాధపడనంటే ఒక్కటి అడుగుతాను. ఇది వాదన కోసం కాదు. పిన్ని గారు ఇప్పుడు ఇటువంటి సినిమాలు చూస్తారా?

సంధ్యాదీపం:
చూస్తుంది. టీవీలో ఏ దెయ్యం సినిమా వచ్చినా మా పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చివరిదాకా చూస్తుంది. ఆ తొమ్మిది రోజులూ మంత్రగాడి మనిషి ఒకడు మా వాకిట్లో జమిడిక వాయించాడు. జాతర పాటలోనైనా సరే, ఆ వాద్యం మోగిందంటే పిన్ని లేచి వెళ్లి వంటింటి తలుపు వేసుకొంటుంది.