సోలార్ ప్లాంటు వస్తే ఊరికి ఏం మిగులుతుంది?

అనంత_మెట్టరైతు:
మా ఊళ్లో చెనక్కాయ వేసే భూముల్ని సోలార్‌కు కౌలుకు అడుగుతున్నారు. రోడ్డు, బడి, ఉద్యోగాలు అన్నీ వస్తాయని ఏజెంట్లు ఊదరగొడుతున్నారు. ఇప్పటికే ప్లాంటు ఉన్న ఊళ్లవాళ్లు చెప్పండి, నిజంగా ఏం వచ్చింది?

పావగడ_అబ్బాయి:
మాది కర్ణాటకే అయినా ఇంట్లో తెలుగే అన్నా. ఇక్కడి పావగడ సోలార్ పార్కు 2,050 మెగావాట్లు, దాదాపు 13,000 ఎకరాలు. భూమి కొనలేదు, కౌలుకే తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన పడితేనే పంట అనే నేలకు అది మంచి డబ్బే, మా నాన్న అప్పులు తీరాయి. కానీ పెరిగే ధరల ముందు ఆ పెంపు ఏ మూలకూ చాలదు. బేరం అక్కడ ఆడండి.

కూలిబిడ్డ:
అది పొలం ఉన్నోళ్ల లెక్క. మా పెద్దమ్మకు సెంటు భూమి లేదు. కలుపు తీత, చెనక్కాయ పీకుడు, అన్నీ పోయాయి. కట్టేటప్పుడు ఊరంతా పనే. కట్టాక గడ్డి కోయడం, సోలార్ ప్లేట్లు కడగడం, వాచ్‌మన్ పని, అంతే. అదీ కాంట్రాక్టరుకు నచ్చినవాళ్లకే. గొర్రెలోళ్లయితే మేతకోసం కంచె చుట్టూ తిరిగి పోతున్నారు.

గాలిమర:
ఊరే యజమాని అయితే కథ వేరు. కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ 2006లో బ్యాంకు అప్పుతో 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. వాడుకోగా మిగిలిన కరెంటు అమ్ముకుంది. గుజరాత్‌లోని ఢుండిలో రైతులు 2016లో సహకార సంఘం పెట్టి, సోలార్ మోటార్లతో పొలం తడిపి, మిగులు కరెంటు గ్రిడ్‌కు అమ్మారు. మన దగ్గర పంచాయతీకి అప్పు ఎవరిస్తారంటారా? అడిగి చూస్తేనే కదా తెలిసేది.

కూలిబిడ్డ:
అడిగే సర్పంచ్ దొరకాలి ముందు :)

సర్వే_రాయి:
ఒక్క మాట. చదును చేసేటప్పుడు గట్లు, హద్దురాళ్లు అన్నీ లేచిపోతాయి. పాతికేళ్ల తర్వాత కౌలు తీరాక ఎవరి చేను ఎక్కడో మీ పిల్లలు ఎలా చూపిస్తారు? ముందే సర్వే చేయించి, పటం కౌలు పత్రానికి జత చేయించండి. పత్రం తెలుగులోనే అడగండి. ప్లేట్లు కడిగే నీళ్లు ఏ బోరువో కూడా రాయించండి.

అనంత_మెట్టరైతు:
నీళ్ల సంగతి మాకెవరికీ తట్టనేలేదు. ఏజెంటు మళ్లీ వస్తే మొదట అదే అడుగుతా. కూలోళ్లకు పని ఇస్తామని పత్రంలో రాయించిన ఊరు ఎక్కడైనా ఉందా?