అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ చెకింగ్ ప్రైవేటుకు ఇవ్వాలా?

టెక్సాస్_నెల్లూరు

బడ్జెట్ ఆమోదం కాక 2025 అక్టోబర్ 1న మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్ 43 రోజులు సాగింది. అన్నాళ్లూ ఎయిర్‌పోర్టుల్లో చెకింగ్ చేసే ప్రభుత్వ సంస్థ టీఎస్‌ఏ వాళ్లు జీతం లేకుండానే డ్యూటీ చేశారు. నవంబర్ మొదట్లో హ్యూస్టన్ బుష్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ క్యూ మూడు గంటలు దాటింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారు, మామగారు హైదరాబాద్ నుంచి వచ్చారు. వాళ్లు దిగింది వేరే ఊళ్లో. మొదట దిగిన చోట ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అయ్యాక పెట్టెలు మళ్లీ బెల్టు మీద వేసి, రెండో ఫ్లైటు కోసం ఇంకోసారి సెక్యూరిటీ లైన్లో నిలబడాలి కదా. రాత్రంతా నిద్ర లేదు, ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఆ లైన్లోనే కనెక్షన్ ఫ్లైటు పోయింది. ఇక్కడ మేం పడిన టెన్షన్ ఒక ఎత్తు, అక్కడ వాళ్లు పడిన అవస్థ ఇంకో ఎత్తు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చెకింగ్ చేసేది ప్రైవేటు కంపెనీ అని, షట్‌డౌన్ వచ్చినా వాళ్ల జీతాలు ఆగవని విన్నాను. నిజమే అయితే అన్ని ఎయిర్‌పోర్టుల్లో అలా ఎందుకు చేయకూడదు? ట్రంప్, బైడెన్ గొడవ పక్కన పెట్టి చెప్పండి.

బేఏరియా_కాకినాడ

మీరు విన్నది నిజమే. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2001 నవంబర్ 19న సంతకమైన చట్టంతో టీఎస్‌ఏ పుట్టింది. అదే చట్టం ఐదు ఎయిర్‌పోర్టుల్లో ప్రైవేటు వాళ్లతో ప్రయోగం చేసి చూడమంది. అవి శాన్‌ఫ్రాన్సిస్కో, కాన్సస్ సిటీ, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్, వయోమింగ్‌లోని జాక్సన్ హోల్, మిసిసిపీలోని టుపెలో. 2004 నుంచి అది స్క్రీనింగ్ పార్ట్‌నర్‌షిప్ ప్రోగ్రామ్ అనే పేరుతో నడుస్తోంది. ఇప్పుడు సుమారు 20 ఎయిర్‌పోర్టులు అందులో ఉన్నాయి. ఎక్కువ భాగం చిన్నవే. పెద్దదంటే శాన్‌ఫ్రాన్సిస్కోనే.

ఇది ఎలా నడుస్తుందో తెలియకుండా వాదించుకుంటే లాభం లేదు. ఎయిర్‌పోర్టు యాజమాన్యం దరఖాస్తు పెట్టుకుంటుంది. కంపెనీని ఎంపిక చేసేది, డబ్బు కట్టేది టీఎస్‌ఏనే. మెషిన్లు వాళ్లవే, రూల్స్ వాళ్లవే, పైన కూర్చుని చూసే అధికారి కూడా ఫెడరల్ ఉద్యోగే. జీతం, సౌకర్యాలు ఫెడరల్ ఉద్యోగులకంటే తక్కువ ఉండకూడదని చట్టంలోనే రాసి ఉంది. కంపెనీ చేతిలో ఉండేది మనుషుల్ని తీసుకోవడం, షిఫ్టులు వేయడం, పనిచేయని వాళ్లను పంపించేయడం. క్యూ పొడవు తేలేది అక్కడే. ఉదయం ఐదున్నరకి ఎన్ని లేన్లు తెరిచారు, తొమ్మిదింటికి ఎన్ని తెరిచారు అన్నదే అసలు లెక్క. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్‌పాయింట్లను కెమెరాల్లో చూస్తూ, జనం పెరిగిన చోటికి మనుషుల్ని పంపడానికి ఒక కంట్రోల్ రూమ్ పెట్టుకున్నారు.

కాంట్రాక్టు డబ్బు ముందే కేటాయించి ఉంటుంది కాబట్టి 2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు షట్‌డౌన్ నడిచినా ఇక్కడి వాళ్లకు జీతాలు పడ్డాయి. అదే షట్‌డౌన్‌లో 2019 జనవరి 20న దేశమంతటా పది మంది టీఎస్‌ఏ వాళ్లలో ఒకరు డ్యూటీకి రాలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. అద్దె కట్టలేని మనిషి పెట్రోలు పోయించుకుని డ్యూటీకి ఎలా వస్తాడు? వాళ్లను ఆ స్థితిలోకి నెట్టే ఏర్పాటునే మార్చాలంటున్నాను.

ఇంకో సంగతి. ప్రతి టికెట్ మీద ఒక వైపు ప్రయాణానికి 5.60 డాలర్లు సెక్యూరిటీ ఫీజు అని మన దగ్గర తీసుకుంటున్నారు. 2013 బడ్జెట్ చట్టం అందులో కొంత భాగాన్ని లోటు తగ్గించడానికి మళ్లించింది. అంటే మనం సెక్యూరిటీకని కట్టిన డబ్బు మొత్తం సెక్యూరిటీకి చేరట్లేదు.

న్యూజెర్సీ_గుంటూరు

నేను 1998లో ఈ దేశం వచ్చాను. అప్పుడు చెకింగ్ బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. ఎవరు తక్కువకు కోట్ చేస్తే ఆ కంపెనీకి ఇచ్చేవాళ్లు. ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2000లో రిపోర్టు ఇచ్చింది. 19 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఒక్క ఏడాదిలో ఉద్యోగం మానేసేవాళ్ల సగటు 126 శాతం. సెయింట్ లూయిస్‌లో 416 శాతం. అంటే ఒకే కుర్చీలోకి ఏడాదిలో నలుగురు వచ్చి వెళ్లారన్నమాట. ఎక్స్‌రే స్క్రీన్ మీద కత్తి ఎలా కనిపిస్తుందో నేర్చుకునేలోపే అదే ఎయిర్‌పోర్టులో బర్గర్ షాపులో ఎక్కువ జీతం దొరికి వెళ్లిపోయేవాళ్లు. ఆ పాఠం నేర్చుకోవడానికి ఈ దేశం ఎంత మూల్యం చెల్లించిందో అందరికీ తెలుసు.

ఇప్పటి చట్టంలో జీతానికి రక్షణ ఉందంటున్నారు, ఉంది. ప్రైవేటు కంపెనీలు విస్తరించాక ఆ ఒక్క వాక్యాన్ని తీసేయమని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మీద ఒత్తిడి రాదని మీరు హామీ ఇవ్వగలరా?

క్యూల సంగతికొస్తే 2022 వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్టు చూడండి. అక్కడ చెకింగ్ చేసేది ప్రైవేటు కంపెనీలే. కోవిడ్ తర్వాత మనుషులు దొరక్క క్యూ టెర్మినల్ దాటి రోడ్డు మీదకు వచ్చింది. చివరికి ఆ వేసవికి గంటకు 5.25 యూరోలు అదనంగా ఇస్తామన్నారు, అయినా చాలక రోజుకు ఎంతమంది ప్రయాణించాలో పరిమితి పెట్టారు, సెప్టెంబర్‌లో సీఈఓ రాజీనామా చేశారు. ప్రైవేటా, ప్రభుత్వమా అని కాదండీ, జీతం చాలకపోతే మనిషి నిలవడు. 2023 జూలైలో టీఎస్‌ఏ జీతాలను మిగతా ఫెడరల్ ఉద్యోగుల స్థాయికి పెంచాక మానేసేవాళ్లు తగ్గారు. ఏ కాంట్రాక్టరూ అక్కర్లేకుండానే జరిగింది.

ఉప్పల్_రవాణా

నేను ఉండేది హైదరాబాద్‌లో. మన దగ్గర చెకింగ్ చేసేది సీఐఎస్ఎఫ్. 1999 డిసెంబర్‌లో ఐసీ-814 హైజాక్ జరిగాక, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి ఎయిర్‌పోర్టులను వాళ్లకు అప్పగించారు. కేంద్ర బలగాలే ఉన్నా 2022 డిసెంబర్‌లో ఢిల్లీ టెర్మినల్ 3లో క్యూలు చూసి మంత్రి సింధియా స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు లేన్లు పెంచారు, మనుషుల్ని పెంచారు, తగ్గింది. ఎవరి యూనిఫాం అన్నది జనానికి అనవసరం.

క్యూ ఎక్కడ ఆగుతుందో ఎప్పుడైనా గమనించారా? ఎవరో ఒకరు గోంగూర పచ్చడి సీసా క్యాబిన్ బ్యాగులో పెడతారు. ఎక్స్‌రేలో అది ముద్దగా కనబడుతుంది, బ్యాగు పక్క బెల్టు మీదకు వెళ్తుంది. విప్పి చూసే మనిషి ఒక్కడే ఉంటే అతని ముందు నాలుగు బ్యాగులు చేరతాయి. పక్క బెల్టు నిండగానే మెయిన్ బెల్టు కూడా ఆగుతుంది. వెనకాల రెండొందల మంది నిలబడిపోతారు. ఇంకో మనిషి అక్కడ ఉంటే ఐదు నిమిషాల్లో తీరే పని. మన పెద్దవాళ్లకు పచ్చళ్లు చెక్-ఇన్ లగేజీలో పెట్టమని చెప్పడం కూడా మన బాధ్యతే.

బేఏరియా_కాకినాడ

గుంటూరు గారూ, 2001కి ముందున్న పద్ధతిని నేను కూడా సమర్థించను. అది ఎయిర్‌లైన్స్ బేరం, ఇది చట్టం కింద నడిచే కాంట్రాక్టు. స్కిపోల్‌లో జరిగింది కూడా జీతం తక్కువైనందుకే, మీరే చెప్పారు. కాబట్టి జీతం షరతు ఉండాల్సిందే. అది తీసేస్తామంటే మీతోపాటు నేనూ వ్యతిరేకిస్తాను.

కానీ నన్ను నిజంగా బాధపెట్టేది క్యూ కాదు. రూల్స్ రాసేది టీఎస్‌ఏ, ఆ రూల్స్ అమలు చేసేది టీఎస్‌ఏ, సరిగా అమలయ్యాయా అని రోజూ చూసుకునేది కూడా టీఎస్‌ఏనే. 2015లో టీఎస్‌ఏ పైశాఖ అయిన హోంల్యాండ్ సెక్యూరిటీలో స్వతంత్రంగా తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు మామూలు ప్రయాణికుల్లా నకిలీ బాంబులు, ఆయుధాలతో వెళ్తే టీఎస్‌ఏ వాళ్లు 70 సార్లలో 67 సార్లు పట్టుకోలేకపోయారు. టీఎస్‌ఏ తాత్కాలిక అధిపతిని వేరే పోస్టుకు మార్చారు, అంతే. అదే కాంట్రాక్టరైతే కాంట్రాక్టు రద్దు చేయొచ్చు. తన సొంత శాఖను ఎవరు రద్దు చేసుకుంటారు? చెకింగ్ చేసేవాడు వేరు, తనిఖీ చేసేవాడు వేరు అయితేనే తప్పు బయటపడుతుంది. కెనడాలో ప్రభుత్వ సంస్థ పర్యవేక్షణలో ప్రైవేటు కంపెనీలే చేస్తున్నాయి. జర్మనీలో చాలా చోట్ల ఫెడరల్ పోలీసుల కింద అంతే.

2007లో బయటపడిన రహస్య పరీక్షల ఫలితాలు చూడండి. నకిలీ బాంబు భాగాలను పట్టుకోలేకపోయినవి లాస్ ఏంజెలెస్‌లో 75 శాతం, షికాగో ఓహేర్‌లో 60 శాతం, ప్రైవేటు చేతిలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో 20 శాతం.

న్యూజెర్సీ_గుంటూరు

ఆ శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి పూర్తిగా చెప్పండి మరి. 2003-04లో అక్కడ రహస్య పరీక్ష చేసేవాళ్లు లోపలికి రాగానే, వాళ్లు ఎలా ఉన్నారో చెక్‌పాయింట్లకు ముందే కబురు అందేదని ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు. ఆ కబురు పంపిన వాళ్లలో టీఎస్‌ఏ ఉద్యోగులూ ఉన్నారు, కంపెనీ ఉద్యోగులూ ఉన్నారు. చెక్ చేసేవాడిని, తనిఖీ చేసేవాడిని విడదీశామన్న చోటే ఇద్దరూ చేతులు కలిపారు.

బేఏరియా_కాకినాడ

నిజమే, అది జరిగింది. అందుకే పరీక్ష పెట్టేవాళ్లు ఆ ఎయిర్‌పోర్టు టీఎస్‌ఏ ఆఫీసుతో కూడా సంబంధం లేనివాళ్లై ఉండాలి. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసుకే డబ్బు, మనుషులను ఇచ్చి ఏటా పెద్ద ఎయిర్‌పోర్టులన్నిటిలో చేయించాలి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఫలితాన్ని బట్టే పై అధికారి ఉద్యోగం, కంపెనీ కాంట్రాక్టు తేలాలి.

ఖర్చు సంగతి కూడా తేలలేదు. ప్రైవేటుకిస్తే 17.4 శాతం ఎక్కువవుతుందని టీఎస్‌ఏ మొదట లెక్క చెప్పింది. ఆ లెక్క కట్టిన పద్ధతిలో లోపాలున్నాయని జీఏఓ అన్నాక 2011లో దాన్ని 3 శాతానికి తగ్గించింది. అదే ఏడాది జనవరిలో అప్పటి అధిపతి జాన్ పిస్టోల్, స్పష్టమైన లాభం కనబడలేదంటూ కొత్త ఎయిర్‌పోర్టులకు తలుపు మూసేశారు. 2012లో కాంగ్రెస్ ఇంకో చట్టం తెచ్చి ఆ తలుపు తెరిపించాల్సి వచ్చింది. పోటీలో ఉన్నవాడే తీర్పు చెబితే ఇలాగే ఉంటుంది.

టెక్సాస్_నెల్లూరు

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్. జీతం షరతు తీయకూడదన్నదాంట్లో మీ ఇద్దరూ ఒకటే మాట మీద ఉన్నారు. షట్‌డౌన్‌లో జీతాలు ఆగకూడదంటే దానికి వేరే దారి కూడా ఉంది కదా. ఫీజు మనం ముందే కట్టేస్తున్నాం. ఆ డబ్బులోంచే వాళ్లకు జీతాలు ఇచ్చేలా కాంగ్రెస్ చట్టం చేస్తే, ప్రైవేటు గొడవ తేలేదాకా ఆగక్కర్లేదు. గుంటూరు గారూ, టీఎస్‌ఏ ఉద్యోగుల యూనియన్ వాళ్లు ఈ మాటకు ఒప్పుకుంటారా?

న్యూజెర్సీ_గుంటూరు

దీనికి ఎవరూ అడ్డు చెప్పరనే నా నమ్మకం. ముందు లోటు కోసం మళ్లించిన వాటా వెనక్కి రావాలి. మీ జిల్లా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి ఆ ఒక్క విషయం అడగండి. నేను నా సభ్యుడిని అడుగుతాను.