మారాన్స్ పెట్ట: గుడ్డు రంగు తగ్గితే మందలోంచి తీసెయ్యాల్సిందేనా?

పెరటికోడి_టెక్సాస్
అందరికీ నమస్తే. డాలస్ కి గంట దూరంలో మాకు రెండెకరాల స్థలం ఉంది, మూడేళ్ళుగా బ్లాక్ కాపర్ మారాన్స్ పెంచుతున్నా, అదే చాక్లెట్ రంగు గుడ్డు పెట్టే ఫ్రెంచ్ జాతి. పోస్టులో డజను గుడ్లు తెప్పిస్తే నాలుగు పిల్లలే లేచాయి, అక్కడ మొదలెట్టి ఇప్పుడు పద్నాలుగు పెట్టలు, రెండు పుంజులు. సమస్య ఏంటంటే గంగ అని ఒక పెట్ట ఉంది (పేర్లు మా పిల్లలు పెట్టారు, నన్నేం అనకండి), రాయిలాంటి ఆరోగ్యం. మొన్న ఎండలు 105 ఫారెన్‌హీట్ దాటినప్పుడు రెండు పెట్టలు నోరు తెరుచుకుని రొప్పి రొప్పి పోయాయి గానీ ఇది చెట్టుకింద తడిమట్టి గీరుకుని అందులో బోర్లా పడుకుని గట్టెక్కేసింది. వారానికి ఐదు గుడ్లు. కానీ గుడ్డుని రంగుల చార్టుతో పోల్చి చూస్తే (నంబర్ పెరిగేకొద్దీ రంగు ముదురు) నంబర్ 3. ఇంకోటి కాటుక, దాని గుడ్డు 7, చింతపిక్కలా మెరుస్తుంది, చూస్తే తినబుద్ధి కాదు దాచుకోబుద్ధి అవుతుంది. అయితే వారానికి రెండు పెడితే గొప్ప, ఎప్పుడూ ముక్కు చీదుతూ ఓ మూల ఉంటుంది, పది గుడ్లు ఇంక్యుబేటర్ లో పెడితే మూడు పిల్లలు. నాకు మొదట గుడ్లు అమ్మిన అమెరికన్ ఆవిడేమో 4 కి తగ్గితే అది మారాన్సే కాదు, గంగని కూరొండుకోమంటోంది. మీరేమంటారు?

లారోషెల్_తెలుగోడు
అక్కా, ముందు ఒకటి, ఆఖర్లో ఎస్ పలకరు, ఇక్కడ 'మరాఁ' అంటారు. ఒక్క కోడి ఉన్నా రాసేటప్పుడు ఎస్ ఉండాల్సిందే ఎందుకంటే అది ఊరి పేరు. మారాన్స్ అనేది ఫ్రాన్స్ లో మేముండే లా రోషెల్ కి దగ్గర్లోనే ఒక చిన్న రేవు ఊరు, చుట్టూ బురద నేలలు, కాలవలు. అక్కడి నాటు కోళ్ళకి చైనా నుంచి వచ్చిన లాంగ్‌షాన్ రక్తం కలిసి ఈ ముదురు గుడ్డు వచ్చింది. 1929లో క్లబ్ పెట్టారు, 1931లో స్టాండర్డ్, అంటే జాతి కోడి ఎలా ఉండాలో చెప్పే నియమాలు, రాశారు. ఆ క్లబ్ చార్టు 1 నుంచి 9 దాకా, 4 కి తగ్గితే లెక్కలోకి రాదు. కాబట్టి అమెరికన్ ఆవిడ చెప్పింది కఠినంగా ఉంది గానీ తప్పు కాదు. నల్ల కోడి, మెడ మీద రాగి రంగు, ఇవి వేరే జాతుల్లో కూడా దొరుకుతాయి. మారాన్స్ ని మారాన్స్ చేసేది గుడ్డే. అది పోతే ఇంక మిగిలేది ఏదో ఒక నల్ల పెట్ట.

గోదారి_డేగ
ఏవండీ బాబూ, గుడ్డు పెంకు రంగు చూసి కోడిని కోసేస్తారా? మాది భీమవరం దగ్గర, మా తాతల కాలం నుంచి అసీల్ పందెం కోళ్ళు మేపుతున్నాం. మేం కూడా రంగులు చూస్తాం, కాకి, డేగ, నెమలి, పర్ల అని వంద పేర్లున్నాయి, కానీ ఏ రంగైనా ముందు కాలు చూస్తాం ఎముక చూస్తాం తల్లి ఎవరో చూస్తాం. పుంజు ఎంత బాగున్నా తల్లి పెట్ట నీరసంది అయితే ఆ వరస మేం ముట్టుకోం. ఈ చెల్లెమ్మ దగ్గర ఎండకి నిలబడిన పెట్ట ఉంది, చీదుతూ కూర్చున్న పెట్ట ఉంది, ఏది ఉంచాలో అడగాలా? ఆ 7 నంబర్ గుడ్లు అద్దాల బీరువాలో పెట్టుకోండి, మందని మాత్రం గంగ మీద కట్టండి.

లారోషెల్_తెలుగోడు
అన్నా మీ అసీల్ లో పోరాడే గుణం పోయి ఆరోగ్యం మాత్రం ఉన్న పుంజుని అసీల్ అని ఉంచుతారా? జాతికి ఒక గుణం ఉంటుంది, అది పోయాక పేరు ఉంచుకోవడం ఎందుకు అని అంటున్నా, అంతే.

గోదారి_డేగ
అది ప్రాణంతో ఉన్న గుణం తమ్ముడూ. ఇది పెంకు మీద పూత.

కరోలినా_వదిన
'పూత' అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ఉండలేను. కిందటేడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు, నేను పొద్దున్నే బుట్టనిండా మారాన్స్ గుడ్లు తెచ్చి ఎంతో గొప్పగా చూపించా. ఆవిడ ఏం మాట్లాడలేదు. సాయంత్రం వంటింట్లోకి వెళ్తే సింకు దగ్గర నిలబడి తడి గుడ్డుని స్టీలు పీచుతో తోముతున్నారు, వేళ్ళకి ఎర్రమట్టి రంగు అంటుకుంది, గుడ్డు సగం లేత గోధుమ రంగులోకి వచ్చేసింది. నా వైపు చూసి "అమ్మాయ్, నిన్ను ఎవడో మోసం చేశాడే, రంగేసిన గుడ్లు" అన్నారు. పెట్ట నా కళ్ళముందే పెట్టింది అత్తయ్యా అన్నా నమ్మలేదు, ఇప్పటికీ ఫోన్లో చుట్టాలకి చెప్తూనే ఉంటారు. అప్పుడు తెలిసింది నాకు, ఈ రంగు చాలామటుకు పైపైనే ఉంటుంది, లోపల పెంకు మామూలుగానే ఉంటుంది. తోమితే పోయే దానికోసం పెట్టని చంపడం నాకైతే నచ్చదు.

సిరిసిల్ల_పోరడు
అక్కా మీ అత్తమ్మ తప్పేం లేదు, మా దిక్కు తెల్ల గుడ్లను టీ డికాషన్ల ముంచి నాటు గుడ్లని అమ్ముతున్నరని అందరు అంటనే ఉంటరు. గని ఒక డౌటు, ముదురు గుడ్డుల బలం ఎక్కువుంటదా?

కోళ్ళడాక్టర్_రాజేంద్రనగర్
బలానికీ పెంకు రంగుకీ సంబంధం లేదు తమ్ముడూ. మా రాజేంద్రనగర్ లోనే తయారైన గ్రామప్రియ అనే కోడి రకం గోధుమ రంగు గుడ్డు పెడుతుంది, జనం నాటు గుడ్డులా ఉంది అని ఇష్టంగా కొంటారు, కానీ లోపల ఉండేది ఆ కోడి తిన్న దాణాని బట్టే. పచ్చసొన ముదురుగా ఉండటం కూడా మొక్కజొన్న, పచ్చగడ్డి లాంటి వాటి వల్లే.

ఇక అసలు ప్రశ్న. గుడ్డు తయారవ్వడానికి 25 గంటల పైన పడుతుంది, అందులో దాదాపు 20 గంటలు పెంకు తయారయ్యే సంచిలోనే ఉంటుంది. రంగు ఎక్కువ భాగం పడేది చివరి కొన్ని గంటల్లో. ఆ పదార్థం పేరు ప్రోటోపోర్ఫిరిన్, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారయ్యే దారిలో వచ్చేదే. పెంకు మీద ఉండే సన్నటి పొరలో ఎక్కువగా చేరుతుంది కాబట్టి తడిపి తోమితే వస్తుంది, కరోలినా వదిన గారి అత్తగారు చేసిన ప్రయోగం కరెక్టే, తీర్పు తప్పు. (నీలం గుడ్డుని ఎంత తోమినా పోదు, ఆ రంగు పెంకు మందమంతా ఉంటుంది.)

ఇప్పుడు టెక్సాస్ అమ్మ గారికి నా ప్రశ్న ఏంటంటే గంగ గుడ్డుకి 3 అని ఎప్పుడు నంబర్ వేశారు? పెట్ట కొత్తగా పెట్టడం మొదలెట్టినప్పుడు ముదురుగా ఉంటుంది, వరసగా నెలల తరబడి పెడుతుంటే రంగు పలచబడుతూ వస్తుంది, ఈకలు రాల్చి విశ్రాంతి తీసుకున్నాక మళ్ళీ ముదురుతుంది. ఎండ, భయం, కుక్క తరమడం, అన్నీ రంగు మీద కనపడతాయి. బ్రాంకైటిస్ అనే శ్వాస జబ్బు వచ్చినా వెలిసిపోతుంది. కాక్సిడియా (కోళ్ళ పేగుల్లో చేరే పరాన్నజీవి) మందు నైకార్బజిన్ దాణాలో పొరపాటున కలిసినా సరే ఒకటి రెండు రోజుల్లో గోధుమ గుడ్లు పాలిపోతాయి. కాటుక విషయం వేరే, రెండోసారి రాస్తా, డ్యూటీకి టైమైంది.

పెరటికోడి_టెక్సాస్
డాక్టర్ గారూ దొరికిపోయాను. గంగకి నంబర్ వేసింది ఆగస్టులో, అది అప్పటికి ఫిబ్రవరి నుంచి ఆపకుండా పెడుతోంది. కాటుక అప్పుడే పొదగడం ఆపి లేచి నెల పైన ఖాళీగా ఉండి మళ్ళీ మొదలెట్టింది. రెండిటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి ఫోటో తీశా. ఇంకో తప్పు కూడా ఒప్పుకుంటా, చార్టు ఇంట్లో ప్రింటర్ మీద తీసింది, ఇంకు అయిపోవచ్చింది ఆ రోజు.

గోదారి_డేగ
హహహ, ఇంకు లేని ప్రింటర్ వల్ల పెట్ట తల పోయేది!

లారోషెల్_తెలుగోడు
సరే ఇది నేను అడగాల్సింది, అడగలేదు. ఇక్కడ మా పక్కింటి ముసలాయన మారాన్సే పెంచుతాడు, ఆయన కూడా పొదిగేయడానికి వసంతం మొదట్లో వచ్చే గుడ్లే దాస్తాడు, వేసవి గుడ్డు చూసి ఎప్పుడూ ఏమీ తేల్చడు. కానీ అక్కా, ఆగస్టులో 3 ఉన్నది ఫిబ్రవరిలో 5 అవ్వచ్చు, 7 అవ్వదు. నా పాయింట్ ఇంకా అలాగే ఉంది, ఎక్కువ పెట్టే పెట్టల్ని ఏరుకుంటూ పోతే కొన్ని తరాల్లో మామూలు గోధుమ గుడ్డు దగ్గర తేలతారు. అది చాలామందికి జరిగింది.

కరోలినా_వదిన
మరి కాళ్ళ సంగతో? మీ ఫ్రెంచి స్టాండర్డ్ లో కాళ్ళకి ఈకలుండాలి, ఇంగ్లండ్ వాళ్ళు 1930ల ఆ ప్రాంతంలో అదే కోడిని తీసుకెళ్ళి నున్నటి కాళ్ళ దాన్నే స్టాండర్డ్ చేసుకున్నారు. అక్కడ ఎవరూ అది మారాన్స్ కాదనట్లేదే. మా దగ్గర వానాకాలం ఆ కాళ్ళ ఈకలకి బురద పట్టి గట్టిపడి, కింద పొలుసుల్లో పురుగు చేరి, నేను ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టి పాత టూత్‌బ్రష్ తో తోమాను. ఒక విషయంలో ఊరిని బట్టి మార్చుకోవచ్చు అన్నప్పుడు ఇంకో విషయంలో ఎందుకు కుదరదు?

లారోషెల్_తెలుగోడు
ఇంగ్లీషు వాళ్ళు కాళ్ళు మార్చారు వదినా, గుడ్డు మార్చలేదు. అదే నేను చెప్పేది.

ఆస్టిన్_రైతుబిడ్డ
చర్చ మధ్యలో దూరుతున్నా, అంత ఎండలో మారాన్స్ ఎందుకండీ అసలు? మూడు, నాలుగు కిలోల బరువు కోడి, కాళ్ళదాకా ఈకలు, సముద్రపు గాలి తగిలే ఊరి నుంచి వచ్చింది. ముదురు గుడ్డే కావాలంటే స్పెయిన్ లో కాటలోనియా నుంచి పెనెదెసెంకా అని ఉంది, తేలిక ఒళ్ళు, ఎండకి బాగా తట్టుకుంటుంది, రంగులో మారాన్స్ కి ఏం తీసిపోదు. కాకపోతే చేతికి చిక్కదు, మనిషిని చూస్తే కంచె ఎక్కుతుంది. నా దగ్గర ఐదున్నాయి, రాత్రి చెట్ల మీంచి దించడమే నా ఎక్సర్‌సైజ్.

పెరటికోడి_టెక్సాస్
ఆస్టిన్ గారూ మా పిల్లలు కోళ్ళని స్కూల్ బ్యాగుల్లో పెట్టుకుని తిరిగే రకం, కంచెలెక్కే కోడి మాకు వద్దండీ 😀

కోళ్ళడాక్టర్_రాజేంద్రనగర్
కాటుక గురించి. ఎప్పుడూ ముక్కు చీదే పెట్ట గుడ్లు పొదిగేయకండి, ముందు మైకోప్లాస్మా (శ్వాస జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) టెస్ట్ చేయించండి. అది తల్లి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకి వచ్చేస్తుంది, పొదిగింపులో పిల్లలు తక్కువ లేవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. ఒక్క రంగు కోసం దాని సంతానంతో మంద నింపితే తర్వాత మందులతో బతకాలి. ఇంకోటి, ముదురు గుడ్డులో లోపల పిల్ల ఉందో లేదో లైటు పెట్టినా సరిగా కనపడదు కాబట్టి పిల్లలు లేవని ఆ ఏడు గుడ్లు పగలగొట్టి చూస్తే తప్ప పిల్ల కట్టలేదా, కట్టి చచ్చిపోయిందా తెలియదు. చూశారా?

అలాగే ఇక్కడ అందరూ పెట్టల గురించే కొట్టుకుంటున్నారు, పుంజు సంగతి ఎవరూ ఎత్తలేదు. పుంజు గుడ్డు పెట్టదు గానీ రంగు జీన్లు వాడి నుంచీ సగం వస్తాయి. ఇది ఒక్క జీన్ తో తేలే రంగు కాదు, చాలా కలవాలి. మీ రెండు పుంజులు ఏ రంగు గుడ్డులోంచి వచ్చాయో రాసి పెట్టుకున్నారా?

పెరటికోడి_టెక్సాస్
ఆ ఏడు గుడ్లు చూడలేదు సార్, వాసనకి భయపడి కవర్లో కట్టి పడేశా. పుంజుల్లో ఒకడిది మాత్రం తెలుసు, 6 నంబర్ గుడ్డు, పెంకు ముక్క డబ్బాలో దాచా. వాడి తల్లి మొన్నటి ఎండకి పోయిన రెండిట్లో ఒకటి.

గోదారి_డేగ
అయితే వాణ్ణి గంగతో కలపండమ్మా. పెట్ట నుంచి ఒళ్ళు, పుంజు నుంచి రంగు. మా తాత అయితే అంతకంటే మాట్లాడడు.

లారోషెల్_తెలుగోడు
దీనికి నాకూ అభ్యంతరం లేదు అన్నా, కానీ వచ్చిన పిల్ల పెట్టల్లో మొదటి గుడ్లు 4 కి తగ్గినవి మళ్ళీ పొదిగేయకూడదు. అక్కడ మాత్రం జాలి వద్దు. కూరొండమనట్లేదు, గుడ్లు తినండి.

కరోలినా_వదిన
ఇదేదో మొదటే అంటే ఇంత గొడవ ఉండేది కాదుగా తమ్ముడూ.

పెరటికోడి_టెక్సాస్
గంగ మొన్నటి నుంచి ఈకలు రాలుస్తోంది, షెడ్డంతా దిండు చించినట్టు ఉంది. మళ్ళీ పెట్టడం మొదలెట్టాక మొదటి ఐదు గుడ్లు పెన్సిల్ తో తారీకు వేసి దాస్తా, కాటుకకి వచ్చే వారం టెస్ట్, అప్పటిదాకా దాన్ని వేరే గంప కింద పెట్టా, అరుస్తోంది. గుడ్ల ఫోటోలు ఇక్కడే పెడతా.

లారోషెల్_తెలుగోడు
ఫోటో పగటిపూట బయట నీడలో తియ్యి అక్కా, ట్యూబ్‌లైట్ కింద వద్దు. చార్టు కూడా బయట షాపులో ప్రింట్ తీయించు.