లంకలో పర్యావరణహిత రిసార్టు: లీజుకి ఇవ్వొచ్చా, వద్దా?

మామిడికుదురు_మనవడు:
గోదారి వైనతేయ పాయలో ఓ చిన్న లంకలో (ఏటి మధ్య దీవిలో) తాతగారి వాటా కింద మాకు నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి ముప్పై ఏళ్ళ లీజు అడుగుతున్నారు. పన్నెండు కాటేజీలు, వెదురు గోడలు, తాటాకు కప్పు, సోలారు కరెంటు, సిమెంటు అసలు వాడరట. నాన్న సరే అంటున్నారు, బాబాయి ససేమిరా అంటున్నాడు. ఇంట్లో భోజనాల దగ్గర మాటలు బందైపోయాయి. తెలిసినవాళ్ళు చెప్పండి.

పులస_ప్రియుడు:
అక్కడ పులస పులుసు పెడతారా? పెడితే నా ఓటు రిసార్టుకే.

తోటదింపు:
పులస వచ్చేది వరదలో. రిసార్టు మునిగేదీ వరదలోనే. పడవలో కూర్చుని తినండి.

మాలే_రిటర్న్:
ఎందుకండీ అంత భయం? నేను మాల్దీవుల్లో ఓ రిసార్టులో స్టోర్సు చూసేవాణ్ణి. అక్కడ తాగడానికి నీళ్ళుండవు. సముద్రపు నీళ్ళలో ఉప్పు యంత్రంతో తీయాలి, యంత్రానికి డీజిల్ కావాలి, ఆ డీజిల్ పడవ మీద రావాలి. కోడిగుడ్డు దగ్గర్నుంచి టమాటా దాకా అన్నీ బయట దేశాల సరుకే. చెత్తని పడవలకెత్తి తిలఫుషీ అనే దీవిలో పోసేవారు, ఏళ్ళ తరబడి అక్కడ పొగ ఆరలేదు. ఇంత చేసి, గదిలో ప్లాస్టిక్ సీసా బదులు గాజు సీసా పెట్టి పర్యావరణహితం అని బోర్డు కట్టేవాళ్ళు. రాత్రికి వందల డాలర్లు.

మన లంకలో అరటి, కంద, కూరగాయలు అక్కడే పండుతాయి. పాలు అక్కడే. వంటింటి చెత్త పేడలో కలిపేస్తే ఎరువు. గదులు ఊడ్చేది, వంట చేసేది, పడవ నడిపేది మన ఊరి వాళ్ళే. దిండిలో టూరిజం వాళ్ళ రిసార్టు, హౌస్‌బోట్లు నడవట్లేదా? ఇచ్చేయండి.

లంకోడు:
దిండి రిసార్టుకి కారు నేరుగా వెళుతుందండి. లంకకి పడవ వెళుతుంది. ఆ తేడా పక్కన పెట్టి ఒక్కటి చెప్పండి. పన్నెండు కాటేజీల మరుగుదొడ్డి నీరు ఎక్కడికి పోతుంది?

మాలే_రిటర్న్:
బయో డైజెస్టరు, అంటే సూక్ష్మజీవులతో మలాన్ని కరిగించే ట్యాంకు. డీఆర్‌డీవో తయారుచేసింది. రైళ్ళలో పెట్టారు, లక్షద్వీప్‌లోనూ పెట్టారు. అక్కడ మామూలు సెప్టిక్ ట్యాంకులతో బావుల నీళ్ళు పాడవుతున్నాయనే కదా పెట్టింది.

లంకోడు:
లక్షద్వీప్‌కి గోదారి వరద వస్తుందా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ నీటిమట్టం 17.75 అడుగులకే మూడో హెచ్చరిక ఇచ్చేస్తారు, ఆ తర్వాత మా లంకలో ఎవడి మంచం వాడు అటక మీదకి ఎక్కించుకోవడమే. మా పక్కింటాయన అంతకుముందే కొత్త ప్లాస్టిక్ ట్యాంకు పాతాడు. ఇంకా ఖాళీగానే ఉంది. నేలలో నీరు ఊరేసరికి ట్యాంకు మట్టిని చీల్చుకుని పైకి లేచింది, పైపులు ఊడిపోయి వంకరగా తేలింది. మీ డైజెస్టరుకీ అదే గతి.

మాలే_రిటర్న్:
కింద కాంక్రీటు దిమ్మ వేసి బోల్టులతో బిగిస్తారు. అంత మాత్రం ఇంజినీర్లకి తెలియదా?

తోటదింపు:
సిమెంటు అసలు వాడం అన్నారుగా 😀

టీచరమ్మ_రాజోలు:
ట్యాంకు సంగతి అలా ఉంచండి, అసలు కట్టనిస్తారా అన్నది ముందు. 2019 తీర ప్రాంత నోటిఫికేషన్ ప్రకారం బ్యాక్‌వాటర్ దీవుల్లో (సముద్రపు పోటు ఎక్కే ఏటి దీవుల్లో) పోటు నీళ్ళు చేరే గీత నుంచి 20 మీటర్ల లోపు కొత్త రిసార్టు కుదరదు. అక్కడుండేవాళ్ళు ఉన్న ఇళ్ళు బాగుచేసుకోవడానికి, తిరిగి కట్టుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. అయితే ఆ రూలు ఏట్లో ఎంత పైదాకా వర్తిస్తుందంటే, బాగా ఎండిన కాలంలో లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు ఉన్నంత దూరం. కాబట్టి ముందు మే నెలలో నీళ్ళు పరీక్ష చేయించాలి.

లంకోడు:
పరీక్ష దేనికండి, మే నెలలో మా బోరు నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోతాయి.

మాలే_రిటర్న్:
బోరు వేరు, ఏరు వేరు. మేడంగారు ఏటి నీళ్ళ గురించి చెబుతున్నారు. పైగా 20 మీటర్లు వదిలేసి లోపల కట్టుకుంటారు. నాలుగెకరాలుంది.

లంకోడు:
ఎక్కణ్ణుంచి 20 మీటర్లు? మా పడమటి అంచు ఏటా కోతకి పోతోంది. కాపు మీదున్న చెట్లు వేళ్ళతో సహా ఏట్లోకి ఒరిగిపోతాయి. ముప్పై ఏళ్ళ లీజంటే భూమి కూడా ముప్పై ఏళ్ళు ఉండాలి కదా. మళ్ళీ అడుగుతున్నా, మరుగుదొడ్డి నీరు...

మాలే_రిటర్న్:
ఎన్నిసార్లండీ ఆ మరుగుదొడ్డి! నిజం మాట్లాడుకుందాం. మీ లంకలో సగం ఇళ్ళకి ఆ ట్యాంకు కూడా లేదు, పొద్దున్నే చెంబు పట్టుకుని గట్టు కిందకే పోతారు. అదంతా ఏట్లోకి పోవట్లేదా? అప్పుడు గుర్తురాని పర్యావరణం బయటివాడు పెట్టుబడి పెడతాననగానే గుర్తొచ్చిందా? మన ప్రాంతం ఇలాగే వెనకబడింది. కుర్రాళ్ళు కువైట్ పోతారు, ఇక్కడ ఉద్యోగం ఇస్తామంటే అడ్డం పడతారు.

పులస_ప్రియుడు:
మొదలైంది. నేను కాఫీ తెచ్చుకుంటా.

లంకోడు:
చెంబు సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఆ హైదరాబాదు వాళ్ళు లంకలో మా ఇంటికి కూడా వచ్చారు. మా అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగి, ల్యాప్‌టాప్‌లో రంగుల బొమ్మ చూపించారు. ఏరు ఉంది, కొబ్బరి చెట్లున్నాయి, ఊయల ఉంది, రెండు కొంగలు కూడా వేశారు. మా ఇళ్ళు లేవు. పెద్దరేవు దగ్గర రావిచెట్టు వేశారు, దాని పక్కనున్న మా పేట లేదు. ఇదేంటండీ అంటే "ఇది ఊహాచిత్రం మాత్రమే" అన్నారు. ఊహలో కూడా మేం లేం అన్నమాట.

ఇంకోటి. మా అక్కకి నెప్పులొచ్చింది వరద రోజుల్లో, అర్ధరాత్రి. రేవులో పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ఆపేశారు. నలుగురం నాటుపడవలో పడుకోబెట్టి, టార్చిలైటు పట్టుకుని అవతలి గట్టుకి చేర్చాం. ఆసుపత్రివాళ్ళు ఇంత ఆలస్యంగానా తెచ్చేది అని మమ్మల్నే తిట్టారు. బిడ్డ దక్కలేదు. ఆనాటి నుంచి ఒక్క గట్టి రేవు వేయమని, లేదంటే కాజ్‌వే (ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తు బాట) అయినా కట్టమని అర్జీలు పెడుతూనే ఉన్నాం. కనకాయలంక కాజ్‌వే వరదొస్తే మునుగుతుంది, నిజమే. మాకు ఆ మునిగేది కూడా లేదు. వీళ్ళకి మాత్రం ఆరు నెలల్లో తేలే జెట్టీ, రెండు స్పీడు బోట్లు వచ్చేస్తాయట. "గెస్టులకి మాత్రమే" అని వాళ్ళ కాగితంలోనే రాసుంది. ఇప్పుడు చెప్పండి, నాది మరుగుదొడ్డి గొడవా?

తోటదింపు:
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది.

మాలే_రిటర్న్:
మీ అక్కగారి విషయం బాధాకరం. కానీ ఆ రేవు వేయాల్సింది ప్రభుత్వం. ఆ కోపం ఈ కుర్రాడి నాలుగెకరాల మీద చూపిస్తే ఎలా? రిసార్టు రాకపోతే మీకు రేవు వస్తుందా? వస్తే కనీసం అత్యవసరానికి ఆ బోటైనా అడగొచ్చు.

లంకోడు:
అడుక్కోవాలన్నమాట.

మాలే_రిటర్న్:
అలా అనలేదు. లీజులో రాయించుకోవాలంటున్నా. రాత్రయినా పగలైనా ఆసుపత్రికి బోటు ఇవ్వాలి, ఇవ్వకపోతే లీజు రద్దు అని. మాల్దీవుల్లో మా రిసార్టు బోటులోనే పక్క దీవి రోగుల్ని తీసుకెళ్ళడం చూశాను.

మామిడికుదురు_మనవడు:
నేనూ ఒకటి చెప్పాలి. లీజు ముసాయిదాలో ఇంకో షరతు ఉంది. మా తోట ఉత్తరం అంచున రేవుకి పోయే కాలిబాట మూసేసి కంచె వేస్తారట, "అతిథుల ఏకాంతం కోసం". బాబాయి గొడవ మొదలైంది అక్కడే. ఆ బాట మీదే బడి పిల్లలు, పాలవాళ్ళు, కొబ్బరికాయల దింపు వాళ్ళు నడుస్తారు. నాన్న ఏమో, మన తోటలో మన బాట, మన ఇష్టం అంటారు.

తోటదింపు:
ఆ బాట మూస్తే నేను కాయ దింపి మోసుకెళ్ళేది ఎట్నుంచి? లంక చుట్టూ తిరగాలి. ఒక్కో కాయకీ రేటు పెంచుతా, మీ నాన్నగారికి చెప్పండి.

లంకోడు:
మీ తాతగారు ఆ బాట ఎప్పుడూ మూయలేదు. వరదకి కొట్టుకుపోతే తనే మనుషుల్ని పెట్టి మట్టి పోయించేవారు. మీ నాన్నగారికీ అది తెలుసు.

మాలే_రిటర్న్:
బాట మూయడానికి నేనూ ఒప్పుకోను. ఆ షరతు తీసేస్తేనే ఇవ్వండి. ఒప్పుకోకపోతే వాళ్ళకి కావాల్సింది మీ లంక కాదు, ఖాళీ దీవి. అలాంటివి మాల్దీవుల్లో బోలెడున్నాయి, అక్కడికే పొమ్మనండి.

లంకోడు:
ఇప్పుడన్నారు ఒక మాట. డైజెస్టరు మాత్రం తేలుతుంది, చూస్తూండండి.

మాలే_రిటర్న్:
తేలదు.

టీచరమ్మ_రాజోలు:
ఇంతసేపు వాదించుకున్నారు, ఆ నాలుగెకరాలు జిరాయితీయా (సొంత హక్కు భూమా), డీ పట్టానా (ప్రభుత్వం సాగుకిచ్చిన భూమా) అని ఒక్కరూ అడగలేదు. లంక భూముల్లో డీ పట్టాలూ ఉంటాయి. వాటిని అమ్మడానికే కాదు, లీజుకివ్వడానికీ అసైన్డ్ భూముల 1977 చట్టం ఒప్పుకోదు. 2023 సవరణతో ఇరవై ఏళ్ళు దాటినవాటికి కొంత వెసులుబాటు వచ్చింది, అది మీకు వర్తిస్తుందో లేదో పట్టా తేదీ చూస్తేగానీ తెలియదు. బాబూ, పట్టా ఎక్కడుంది?

మామిడికుదురు_మనవడు:
నాన్నమ్మ పెట్టెలో ఉందట. తాళంచెవి బాబాయి దగ్గరుంది.